హైటెక్ సిటీ తర్కం: కులం మీద కొన్ని వాదనల చరిత్ర

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు కులం మాట ఎత్తితే వినబడే వాదనలు పది పన్నెండుకు మించవు. ‘ఇక్కడ కులం ఎవరూ అడగరు.’ ‘కంప్యూటర్‌కి కులం తెలియదు.’ ‘రిజర్వేషన్లు పెట్టి ఉంటే ఈ హైటెక్ సిటీ వచ్చేదే కాదు.’ ‘మా క్లాసులో ఒకడుండేవాడు, వాళ్ళ నాన్న పెద్ద ఆఫీసరు, కార్లో వచ్చేవాడు, వాడికీ రిజర్వేషనే.’ ‘అసలు కులం గురించి మాట్లాడేది మీరే.’ ‘మీలో మీకే పడదు కదా.’ క్యాంటీన్లో, క్యాబులో, అద్దె ఇంటి గుమ్మం దగ్గర, పెళ్ళి భోజనాల్లో ఇవే మాటలు తిరుగుతుంటాయి. చెప్పేవాళ్ళు ఇవి తమ సొంత ఆలోచనలనుకుంటారు. కాదు. వీటికి పుట్టుక ఉంది, వయసు ఉంది, వీటివల్ల బాగుపడ్డవాళ్ళు ఉన్నారు. ఈ వాదనల్లో తర్కం ఎక్కడ తప్పుతోందో, ఆ తప్పు ఎప్పటినుంచి ఎవరి పనికొస్తోందో చూడాలని మా ప్రయత్నం.

తర్కదోషాలకు ఇంగ్లీషు పుస్తకాల్లో లాటిన్ పేర్లతో పెద్ద పెద్ద పట్టికలుంటాయి. మన పిల్లలు వాటిని కంఠతా పట్టి పోటీ పరీక్షలు రాస్తున్నారు. నిజానికి అంత దూరం పోనక్కర్లేదు. సంబంధం లేని రెండు సంగతుల్ని కలిపితే ‘మోకాలికీ బోడిగుండుకీ ముడి’ అని కలుపు తీసే అమ్మ కూడా అంటుంది. తప్పని తేలినా పట్టు వదలనివాడి కుందేలుకు మూడే కాళ్ళు. ఇవన్నీ తర్కదోషాలకు మన జనం పెట్టుకున్న పేర్లే. శాస్త్రం వాళ్ళు సంస్కృతంలో పెట్టుకున్నారు. గౌతముడి న్యాయసూత్రాల్లో హేత్వాభాసలని ఉన్నాయి, అంటే హేతువులా కనబడతాయి గానీ హేతువులు కావు. ఏది రుజువు చేయాలో దాన్నే రుజువుగా చూపిస్తే సాధ్యసమం. మాటకున్న రెండర్థాలతో ఎదుటివాణ్ణి పడగొడితే ఛలం. తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటి పక్షాన్ని కొట్టడమే పనైతే వితండం. పైపై పోలికలు పట్టుకుని ఇచ్చే డొల్ల జవాబుకు ఆ శాస్త్రంలో పేరు ‘జాతి’. అలాంటివి ఇరవై నాలుగని లెక్క కూడా కట్టారు. కులానికీ ఇదే మాట వాడే దేశంలో ఇది యాదృచ్ఛికమే కావచ్చు గానీ, చదివినప్పుడు మాకు నవ్వొచ్చింది.

ఇంత పదునైన పనిముట్టు చేతిలో ఉన్నా ఆ శాస్త్రకారులు దాన్ని వర్ణవ్యవస్థ మీద ఎక్కుపెట్టలేదు. ఎక్కుపెట్టింది బౌద్ధులు. ఏడో శతాబ్దపు ధర్మకీర్తి, ప్రమాణవార్తికంలోని ఒక భాగానికి తానే రాసుకున్న వ్యాఖ్య చివర, బుద్ధి మందగించిందనడానికి అయిదు గుర్తులు చెప్తూ వాటిలో జాతి గర్వాన్ని కూడా చేర్చాడు. అశ్వఘోషుడి పేరున ఉన్న వజ్రసూచి మొత్తం కులం మీద వాదమే. మన కాలానికొస్తే, 1936లో లాహోరు సభకు రాసి, ఇవ్వనివ్వని ప్రసంగంలో డాక్టర్ అంబేడ్కర్ చేసింది కూడా అదే పని. కులమంటే శ్రమ విభజనే కదా అనే రోజువారీ వాదనను తీసుకుని, ఇది శ్రమను కాదు శ్రమ చేసే మనుషుల్నే మెట్లు మెట్లుగా విడగొడుతోందని చూపించాడు. కనుక వాదనల లోపల ఏముందో విప్పి చూడటం చదువుకున్నవాళ్ళ కాలక్షేపం కాదు, మన సంప్రదాయంలో అది చాలా పాత పని.

‘ఇక్కడ బండలు తప్ప ఏమీ లేవు’

1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. అంతకు ముందు ఇక్కడ బండలు, తుప్పలు తప్ప ఏమీ లేవన్నది హైటెక్ సిటీ చరిత్రకు మొదటి వాక్యం. దీని మీదే మిగతా కథంతా కట్టారు. ‘ఏమీ లేవు’ అనే మాటలో ఒక మెలిక ఉంది. ‘నేను చూడలేదు’ అన్నది ‘లేదు’గా మారిపోతుంది. మాదాపూర్, ఖాజాగూడ, నానక్‌రాంగూడ, కోకాపేట అప్పటికే ఊళ్ళు. ఊరు ఉందంటే వాడ ఉంటుంది. చెరువులున్నాయి, దుర్గం చెరువు ఇప్పటికీ ఉంది. మణికొండ జాగీర్ అనే పేరులోనే ఆ నేల ఎవరి కింద ఉండేదో ఉంది. ‘కంచ గచ్చిబౌలి’ అనే పేరు ఇంకా తేటగా చెప్తుంది. కంచ అంటే తెలంగాణలో పశువులు మేసే బీడు. పశువులు మేశాయంటే మేపినవాళ్ళున్నారు. రెవెన్యూ రికార్డే సాక్ష్యం చెప్తుంటే అక్కడ ఏమీ లేదనడం ఎట్లా కుదురుతుంది?

నగరం చుట్టూ ఉన్న ఈ ఊళ్ళలో భూమిలేని పేదలకు, అందులో దళితులకు, లావోణి పట్టాలిచ్చారు. ఆ భూములు చేతులు మారకుండా 1977లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం (9వ చట్టం) వచ్చింది. పేదవాడు అమ్ముకోకూడదు, కొన్నవాడికి హక్కు రాదు. మంచిదే. కానీ ప్రభుత్వమే ‘ప్రజా ప్రయోజనం’ కోసం వెనక్కి తీసుకుంటే? అప్పుడు వినిపించిన వాదన: ‘మేమిచ్చిన భూమే కదా, మేం తీసుకుంటున్నాం, నష్టపరిహారం ఏమిటి?’ ఇది అచ్చంగా ఛలం. ‘ఇచ్చాం’ అనే మాటకు పేదవాడి దగ్గర ఒక అర్థం, కంపెనీ దగ్గర మరో అర్థం. కంపెనీకి ఇచ్చినదీ ప్రభుత్వ భూమే. అది ఇచ్చిన మర్నాటి నుంచి కంపెనీ ఆస్తి అవుతుంది. దున్నుకునేవాడికి ఇస్తే మాత్రం ముప్ఫయ్యేళ్ళు సాగు చేసినా దయాధర్మమే. ఈ రెండు నాల్కల మాటను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో రంగారెడ్డి జిల్లా చేవెళ్ళ డివిజన్ కేసులో కొట్టేసింది. అసైన్డ్ భూమి తీసుకున్నా పట్టాదారుతో సమానంగా మార్కెట్ ధర కట్టివ్వాలంది. అప్పటికి సైబర్ టవర్స్ వయసు ఆరేళ్ళు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ‘బండలు తప్ప ఏమీ లేని’ నేల అది.

2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చినప్పుడు పాత వాక్యమే మళ్ళీ లేచింది. అది అడవి కాదు, యూనివర్సిటీది కాదు, కనుక చదును చేయొచ్చు. 2003–04లో ఐఎంజీ భారతకు ఇచ్చి, 2006లో రద్దు చేసిన భూమి అది. కోర్టుల్లో గెలిచి ప్రభుత్వం వెనక్కి తెచ్చుకున్న మాట నిజమే. కానీ నేల ఎవరిదన్నది ఒక ప్రశ్న, దాన్ని ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పి రెండోదానికి చెప్పినట్టు నడిపించారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. కోర్టుకు కనిపించిన తేడా టీవీ చర్చల్లో కూర్చున్నవాళ్ళకు ఎందుకు కనిపించలేదో మరి.

కాకి వాలింది, తాటిపండు పడింది

ఒకటి జరిగాక ఇంకొకటి జరిగితే మొదటిదే రెండోదానికి కారణమనుకోవడం. మనవాళ్ళు దీనికి కాకతాళీయమని ఎంత చక్కని పేరు పెట్టారు! చంద్రబాబు నాయుడు 1995లో ముఖ్యమంత్రి అయ్యారు, 1998లో హైటెక్ సిటీ వచ్చింది, కాబట్టి ఆయనే తెచ్చారు అని ఒక పక్షం. పునాది నేదురుమల్లి జనార్దనరెడ్డి హయాంలోనే పడిందని ఇంకో పక్షం. ఇద్దరి గొడవా ఏ కాకి అనే దాని మీదే. ఆయన తిరిగి తిరిగి కంపెనీల్ని ఒప్పించిన మాట కాదనలేం. మాకు మాత్రం చెట్టు సంగతి కావాలి.

చెట్టు ప్రభుత్వ రంగం. హైదరాబాదులో ఐ.డి.పి.ఎల్., బి.హెచ్.ఇ.ఎల్., హెచ్.ఎం.టి., రక్షణ పరిశోధనశాలలు అరవైల నుంచీ ఉన్నాయి. 1967లో ఈసీఐఎల్ వచ్చింది. దేశంలో తయారైన తొలి డిజిటల్ కంప్యూటర్లలో ఒకటైన టిడిసి-12 ఈ సంస్థదే. అంటే హైదరాబాదుకు కంప్యూటర్ అమెరికా విమానం దిగి రాలేదు. కుషాయిగూడ దగ్గర ప్రభుత్వ ఫ్యాక్టరీ గేటులోంచి వచ్చింది. ఇవన్నీ ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు వర్తించే సంస్థలు. ఇంజనీర్లు వచ్చింది ఉస్మానియా, వరంగల్ ఆర్.ఇ.సి., జె.ఎన్.టి.యు. నుంచి. అక్కడా సర్కారు డబ్బే, అక్కడా రిజర్వేషన్లే. 1991లో కేంద్రం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల పథకం పెట్టింది. ఎగుమతుల లాభం మీద ఆదాయపు పన్ను మినహాయింపు 2011 మార్చి దాకా సాగింది. రెండువేల సంవత్సరపు తేదీల చిక్కు వచ్చి అమెరికాకు చౌకగా కోడ్ రాసే చేతులు వేల సంఖ్యలో కావలసివచ్చాయి. సైబర్ టవర్స్ కట్టిన కంపెనీలోనూ ఎల్ అండ్ టి పక్కన ఏపీఐఐసీకి 11 శాతం వాటా ఉంది.

ఇప్పుడు ‘రిజర్వేషన్లు ఉంటే హైటెక్ సిటీ వచ్చేదే కాదు’ అనే వాక్యాన్ని దీని పక్కన పెట్టండి. వచ్చిన దారి పొడుగునా రిజర్వేషన్లున్నాయి. లేనిది చివరి గదిలో మాత్రమే. ఆ చివరి గదిలో కూర్చుని, తలుపు వేసుకుని, దారే లేదంటున్నారు. ‘ప్రైవేటు సొమ్ము, మా ఇష్టం’ అన్నదీ ఇక్కడే కూలిపోతుంది. నేల, రోడ్డు, కరెంటు, పన్ను, చదువు అన్నీ జనం సొమ్మే.

మెరిట్ ఎప్పుడు పుట్టింది

మెరిట్ అనే మాట మన రాష్ట్రంలో వీధికెక్కిన ఏడాది 1986. మురళీధరరావు కమిషన్ సిఫార్సులను పట్టుకుని ఎన్.టి. రామారావు ప్రభుత్వం బీసీ రిజర్వేషన్లను 25 నుంచి 44 శాతానికి పెంచింది. నవ సంఘర్షణ సమితి పేరుతో అగ్రకులాల విద్యార్థులు ఆందోళనకు దిగారు. హైకోర్టు ఆ పెంపును ఆ ఏడాదే కొట్టేసింది. మర్చిపోకూడనిది: అంతకు ముందు ఏడాదే, 1985 జులై 17న, కారంచేడు. మాదిగలను చంపిన ఊరి పెద్దల గురించి నోరు విప్పని కాలేజీలు ప్రతిభకు అన్యాయమని ఏడాదికల్లా రోడ్డెక్కాయి.

1990 ఆగస్టులో మండల్ వచ్చినప్పుడు ఢిల్లీలోనూ ఇతర నగరాల్లోనూ విద్యార్థులు రోడ్లు ఊడ్చి, బూట్లు పాలిష్ చేసి నిరసన చెప్పారు. ఈ నిరసన మొత్తం ఒక వాదన. తర్కంలో చెప్పకుండా వదిలేసే ఆధారవాక్యమని ఒకటుంటుంది, చాలాసార్లు అసలు సరుకు అందులోనే ఉంటుంది. ‘రిజర్వేషన్లు వస్తే మేం రోడ్లు ఊడ్చుకోవాల్సిందే’ అన్నారు. చెప్పనిది: రోడ్లు ఊడ్చేవాళ్ళు వేరే ఉన్నారు, ఆ పని వాళ్ళది, మాది కాదు. అంటే మెరిట్ పేరుతో వాళ్ళు కాపాడుకున్నది ఏమిటో వాళ్ళ చేతిలోని చీపురే చెప్పింది. ఇవాళ తెల్లవారుజామున ఐటీ కారిడార్ రోడ్లు ఊడ్చే ఆడవాళ్ళు ఎవరో, అద్దాల మేడల్లో బాత్రూములు కడిగే కాంట్రాక్టు పనివాళ్ళు ఎవరో కనుక్కోండి. ‘ఇక్కడ కులం అడగరు’ అనే చోట అక్కడ మాత్రం అడక్కుండానే ఎలా తెలిసిందో తేలుతుంది.

మెరిట్ వాదన గుండె సాధ్యసమం. మీకు ఉద్యోగం ఎందుకొచ్చింది? మెరిట్ ఉంది గనుక. మెరిట్ ఉందని ఎట్లా తెలుసు? ఉద్యోగం వచ్చింది కదా! ఈ గానుగ చుట్టూ ఎంత తిరిగినా ఎద్దు ఉన్నచోటే ఉంటుంది. ఎవరన్నా ఎంసెట్ ర్యాంకు చూపిస్తారు. ర్యాంకు ఒక రోజు, ఒక పరీక్షలో, ఆ పరీక్షకు జరిగిన తయారీని కొలుస్తుంది. నిజమే, ఏదో ఒక కొలత కావాలి. కానీ ర్యాంకు నుంచి ‘పని బాగా చేస్తాడు’కు, అక్కడి నుంచి ‘రిజర్వేషన్ వస్తే పని చెడిపోతుంది’కి వేసే గంతులకు వేరే రుజువు చూపాలి. అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ ఈ పని చేశారు. 1980 నుంచి 2002 దాకా భారతీయ రైల్వేలో ఎనిమిది జోన్ల లెక్కలు తీసి, ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల పాలు ఎక్కువైతే ఉత్పాదకత తగ్గిందేమో చూశారు. 2014లో ప్రచురించారు. తగ్గిన దాఖలా దొరకలేదు. పై హోదాల్లో వాళ్ళ పాలు పెరిగిన చోట కొన్ని లెక్కల్లో ఫలితం మెరుగ్గా కూడా ఉంది. సికింద్రాబాదులో రైల్‌నిలయం పెట్టుకున్న నగరంలో ఈ సంగతి తెలియాల్సినంతగా తెలియలేదు.

ఇక 2019. రాజ్యాంగ 103వ సవరణతో రిజర్వేషన్ లేని కులాల్లో ఆర్థికంగా వెనకబడ్డవారికి 10 శాతం ఇచ్చారు. ఏడాదికి ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉంటే చాలు. 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు ముగ్గురు ఇద్దరి తీర్పుతో సమర్థించింది. మెరిట్ పోతుందని 1986లో, 1990లో రోడ్లెక్కినవాళ్ళు అప్పుడు ఏ రోడ్డెక్కారు? తక్కువ కటాఫ్‌తో సీటిస్తే వంతెనలు కూలతాయన్న సూత్రం నిజమైతే ఎవరికిచ్చినా కూలాలి. ఒకరికిస్తే కూలి, ఇంకొకరికిస్తే నిలబడే వంతెన ఇంజనీరింగ్‌లో లేదు. సూత్రం మెరిట్‌ది కాదని ఇంతకన్నా రుజువు ఇంకేం కావాలి?

మెరిటోక్రసీ అనే మాటకు ప్రచారం తెచ్చిన మైకేల్ యంగ్ 1958లో దాన్ని వెక్కిరింపుగా వాడాడు. పరీక్షల్లో గెలిచినవాళ్ళు తమ గెలుపంతా తమ గొప్పే అనుకునే లోకం ఎంత కఠినంగా ఉంటుందో చెప్పడానికి రాసిన పుస్తకం అది. ఆ వెక్కిరింపునే మనవాళ్ళు ఆశయంగా నెత్తిన పెట్టుకున్నారు.

‘కులం అడగం’ అంటే

2004లో యూపీఏ కనీస కార్యక్రమంలో ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల ప్రస్తావన వచ్చింది. పారిశ్రామికవేత్తలు ఉలిక్కిపడ్డారు. జె.జె. ఇరానీ నాయకత్వంలోని సీఐఐ టాస్క్‌ఫోర్స్ 2006లో చట్టం వద్దు, స్వచ్ఛందంగా చేస్తాం అంది. ఈ చర్చలో వాళ్ళు కొట్టి పడేసిన బొమ్మ ఒకటుంది: ‘కోడ్ రాయడం రానివాణ్ణి తెచ్చి సీట్లో కూర్చోబెట్టమంటారా?’ ఎవరడిగారు? అర్హత ఉన్నవాళ్ళలోంచి తీసుకోమన్నది డిమాండు. ఎదుటివాడి మాటను గడ్డిబొమ్మగా చేసి తగలబెట్టడం తేలిక. మంట పెద్దదిగా కూడా కనబడుతుంది.

కంపెనీలు ‘మేం కులం అడగం, కాబట్టి ఇక్కడ కులం లేదు’ అంటాయి. థర్మామీటర్ లేని ఇంట్లో జ్వరం లేదన్నట్టుంది. పైగా అడక్కుండా తెలుసుకునే విద్యలో తెలుగువాళ్ళను మించినవాళ్ళున్నారా? ఇంటిపేరేమిటి, ఏ ఊరు, ఊళ్ళో ఏ వైపు, మాంసం తింటారా, ఫలానా వారు మీకేమవుతారు... అయిదు ప్రశ్నల్లో తేలిపోతుంది. ఉద్యోగికి తెలిసినవాణ్ణే సిఫార్సు చేయమనే రెఫరల్ పద్ధతిలో ఆ ప్రశ్నలు కూడా అక్కర్లేదు. తెలిసినవాళ్ళంటే ఎవరు? మన దేశంలో పరిచయాలు కులం గట్ల మధ్యే పారతాయి. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ 2007లో ఢిల్లీ ప్రాంతపు నియామకాల అధికారులను కలిసి మాట్లాడితే, కులం చూడం అన్నవాళ్ళే ‘కుటుంబ నేపథ్యం’ మాత్రం చూస్తామన్నారు.

సుఖదేవ్ థోరట్, పాల్ ఆటివెల్ 2007లో ప్రచురించిన పరిశోధనలో ఒకే రకం అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి, 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. పిలుపు వచ్చే అవకాశం అగ్రకులపు హిందూ పేరుకు ఒకటనుకుంటే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. దీన్ని మన సభల్లో తరచు చెప్తాం. చెప్పాలి కూడా. కానీ ఇంకో పరిశోధన ఉంది, దాన్ని మనవాళ్ళు చెప్పరు. అభిజిత్ బెనర్జీ బృందం 2009లో ప్రచురించిన ఢిల్లీ ప్రయోగంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు పేరును బట్టి చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాల్ సెంటర్ ఉద్యోగాల్లో అగ్రకుల పేర్లకు మొగ్గు కనబడింది. దాచుకోవాల్సిన పని లేదు, దాచితే రేపు ఎదుటివాడు చూపిస్తాడు. ఈ ఫలితం ఏం చెప్తోందో అంతే తీసుకోవాలి. దరఖాస్తు చూసి ఫోను చేసే ఆ ఒక్క మెట్టు దగ్గర సాఫ్ట్‌వేర్ వాళ్ళు పేరు పట్టించుకోలేదు. ఇంటర్వ్యూ గదిలో, జీతంలో, ప్రమోషన్లో, ప్రాజెక్టు దొరక్క బెంచ్ మీద కూర్చోబెట్టేటప్పుడు ఏం జరుగుతుందో అది కొలవలేదు. ఆ డిగ్రీ దాకా రాగలిగినవాళ్ళెవరన్నది అసలే కొలవలేదు. ఒక మెట్టు శుభ్రంగా ఉందని మేడంతా శుభ్రమనలేం, ఒక మెట్టు మురికని మేడంతా మురికని కూడా అనలేం.

ఇక కార్లో వచ్చిన ఆ ఒకడు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. శాస్త్రంలో స్థాలీపులాక న్యాయం. సామెత తప్పు కాదు, ఎందుకంటే ఒకే కుండ, ఒకే నీళ్ళు, ఒకే మంట. దేశం ఒకే కుండ కాదు. ఊరి పొయ్యి వేరు, వాడ పొయ్యి వేరు. ఆఫీసరు కొడుకనే మెతుకు పట్టుకుని, తల్లి కూలికి పోతే తప్ప గడవని వందల ఇళ్ళు ఉడికాయని చెప్పడం కుదరదు. తమాషా ఏమిటంటే, ఎదురుగా ఒక దళిత ఇంజనీరు సరిగ్గా కోడ్ రాయలేకపోతే ఆ మెతుకుతోనూ కుండంతా చూస్తారు. అగ్రకులపువాడు రాయలేకపోతే మాత్రం అది ఆ ఒక్క మెతుకు సంగతే.

ప్రశ్న జరిగిపోయింది

గచ్చిబౌలి దాటగానే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం. 1969, 1972 ఉద్యమాల తర్వాత వచ్చిన ఆరు సూత్రాల ఒప్పందంలో భాగంగా 1974లో పుట్టింది. అవకాశాలు ఎవరికి దక్కాలన్న గొడవలోంచి వచ్చిన చదువుల ఊరు. 2015 డిసెంబర్లో అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి బయటికి పంపారు. వాళ్ళు క్యాంపస్‌లోనే ఆరుబయట వెలివాడ వేసుకుని పడుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాడు.

ప్రశ్న ఏమిటి? విశ్వవిద్యాలయం, దాని మీద ఒత్తిడి తెచ్చినవాళ్ళు కులవివక్ష చూపారా లేదా? వారం తిరిగేసరికి ప్రశ్న జరిగిపోయింది: రోహిత్ దళితుడా కాదా? తల్లిది ఏ కులం, తండ్రిది ఏ కులం, సర్టిఫికెట్ ఎవరిచ్చారు? కేంద్రం వేసిన రూపన్‌వాల్ కమిషన్ ఆ దారిలోనే నడిచింది. 2024 మేలో పోలీసులు కేసు మూసేస్తూ ఇచ్చిన నివేదికా కులం దగ్గరే ఆగింది. విమర్శలు రావడంతో మళ్ళీ దర్యాప్తు చేస్తామన్నారు.

దీన్ని వేగంగా దాటిపోలేం. మొదటిది, వెలి వేసింది అయిదుగురిని. ఒకరి సర్టిఫికెట్ మీద ఎంత వివాదం చేసినా తక్కిన నలుగురి విషయంలో ప్రశ్న అలాగే ఉంది. రెండోది, వేర్వేరు కులాల తల్లిదండ్రుల పిల్లలకు తండ్రి కులమే ఖాయమనలేమని, ఆ పిల్లలు ఏ కులంలో, ఏ అవమానాల్లో పెరిగారో చూడాలని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. వివక్ష చూపేవాడు సర్టిఫికెట్ చూసి చూపడు. ఎదుటివాడు ఫలానా అని నమ్మి చూపుతాడు. కనుక వివక్ష జరిగిందా అన్న ప్రశ్నకు తహసీల్దారు కాగితంలో జవాబు ఉండదు, చేసినవాళ్ళ చేతల్లో ఉంటుంది. చట్టం కింద శిక్ష వేయడానికి కాగితం కావాలి, అది వేరే మాట. ఆ వేరే మాటనే మొత్తం మాటగా చేశారు. చుండూరులో 1991 ఆగస్టు 6 తర్వాత కూడా సినిమా హాల్లో కాలు తగిలిన తగాదాగా చెప్పి ఊరంతటి వెలిని పక్కకు నెట్టింది ఈ పద్ధతే.

అమెరికా పోయినా ఇదే తంతు. 2020 జూన్లో కాలిఫోర్నియా ప్రభుత్వం సిస్కో కంపెనీ మీద కులవివక్ష కేసు వేసింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. ఆ ఏడాదే కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన ఎస్.బి. 403ను గవర్నరు అక్టోబర్లో వెనక్కి పంపారు, ఇప్పుడున్న చట్టాలే చాలని. బిల్లును ఎదిరించిన ప్రవాస పెద్దల్లో కొందరు అసలు అమెరికాలో కులమే లేదన్నారు, కొందరు ఉన్న చట్టం చాలన్నారు. లేని రోగానికి ఉన్న మందు చాలట. రెండు మాటలూ ఒకే వేదిక మీద నుంచి వచ్చాయి గానీ, పక్కవాడు తనను కాదంటున్నాడని ఒక్కరూ గమనించలేదు.

మనవైపు

‘మీలో మీకే సమానత్వం లేదు’ అనే మాట 1994 తర్వాత పదునెక్కింది. ఆ ఏడాది జులైలో ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. 1997లో వర్గీకరణ, 2004లో సుప్రీంకోర్టు కొట్టివేత, 2024 ఆగస్టు 1న ఏడుగురి ధర్మాసనం మళ్ళీ దారి తెరవడం, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో మూడు గ్రూపుల అమలు. ముప్ఫయ్యేళ్ళ నడక. మాదిగలు అడిగింది న్యాయమైన పంపకం. పంపకం సరిగా లేదన్నది పంపకం గురించిన మాట. దాన్ని అసలు కుండే వద్దనడానికి వాడుకునేవాడు మాదిగల పక్షం కాదు, మాలల పక్షమూ కాదు. ఈ తేడా తెలియక మనలో కొందరు, ఎదుటివాళ్ళకు ఆయుధం అవుతుందని మాదిగల ప్రశ్ననే ఇన్నేళ్ళు నొక్కిపెట్టాలని చూశారు. ఎదుటివాడి తప్పు తర్కానికి భయపడి మన లోపలి నిజాన్ని దాచమనడం అదీ తప్పు తర్కమే.

ఇంకో జబ్బు కూడా ఉంది. మన మీటింగుల్లో ఒక మాట నచ్చకపోతే ‘ఆయన బాపనాయన, అలాగే అంటాడు’ అని కొట్టేయడం. ఒకరి అనుభవం గురించి సాక్ష్యం చెప్పేటప్పుడు చెప్పేవాడు ఎవరన్నది తప్పక చూడాలి. వెలి బాధ వెలివేసినవాడు చెప్తే వినక్కర్లేదు. కానీ లెక్క, తర్కం ముందుంచినప్పుడు లెక్కకు లెక్కతోనే జవాబు. బెనర్జీ బృందం లెక్కను బెనర్జీ కులంతో కొట్టేస్తే, రేపు థోరట్ లెక్కను థోరట్ కులంతో కొట్టేసేవాడికి దారి మనమే వేసినట్టు.

లెక్క అనే మాట వచ్చింది గనుక ఒకటి చెప్పాలి. 2024 నవంబర్లో మొదలైన తెలంగాణ కులసర్వే ఫలితాలు 2025 ఫిబ్రవరిలో వచ్చాయి. ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45, బీసీలు ముస్లిం బీసీలను కలుపుకుని 56 శాతం పైన. రాబోయే జనగణనలో కులం లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. అయితే ఇవి ఇళ్ళ లెక్కలు, ఆఫీసుల లెక్కలు కావు. రాయదుర్గం నుంచి నానక్‌రాంగూడ దాకా ఏ కంపెనీలో ఏ హోదాలో ఏ కులంవాళ్ళు ఎందరన్నది చెప్పాలని మన దగ్గర ప్రైవేటు కంపెనీలను ఏ చట్టమూ అడగదు. ఉద్యోగుల్ని అలా అడగడం అవమానమని, సాధ్యం కాదని కంపెనీలవాళ్ళు అంటారు. అమెరికాలో వందమంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు కంపెనీ తన ఉద్యోగుల జాతి లెక్కను హోదాల వారీగా ఏటా ప్రభుత్వానికి ఒక ఫారంలో పంపాలి. ఆ పద్ధతి 1960ల నుంచీ నడుస్తోంది. గూగుల్, మైక్రోసాఫ్ట్ 2014 నుంచి 2024 దాకా తమ లెక్కలు బయటికి కూడా చెప్పాయి. ఆ రెండు కంపెనీలకూ హైదరాబాదులో పెద్ద క్యాంపస్‌లున్నాయి.